చెయ్యెత్తినవాళ్లు ఒక గుంపు, ఎత్తనివాళ్లు ఒక గుంపు – నా లెక్క ఎక్కడ తప్పింది?



నాలుగింటి గంట గొడవ మీకు తెలిసిందే. తెల్లవారుజామున చదివితే బాగా గుర్తుంటుందా, రాత్రి చదివితేనా అని పరీక్ష పెట్టి చూడమని వార్డెన్ గారు నాకు చెప్పారు. నేను స్టడీ అవర్‌లో "నాలుగింటికి ఎవరు లేస్తారు?" అని అడిగాను. 12 మంది చెయ్యెత్తారు. వాళ్లది తెల్లవారుజాము గుంపు. ఎత్తనివాళ్లలో 12 మందిది రాత్రి గుంపు. రెండు గుంపులకూ అవే 20 ఇంగ్లీషు మాటలు ఇచ్చాను. తెల్లవారుజాము గుంపుకే మార్కులు ఎక్కువ వచ్చాయి. ఇంకేముంది, సోమవారం నుంచి అందరికీ నాలుగింటికే గంట అన్నారు. ఐదో తరగతి తమ్ముళ్ల మొహాలు వాడిపోయాయి.

లెక్కల సారు నా కాగితం చూసి ఒక్కటే అడిగారు: "చెయ్యెత్తింది ఎవర్రా?" పేర్లు చదివాను. అందరూ ఎప్పుడూ ఫస్టు మార్కులు తెచ్చుకునేవాళ్లే! వాళ్లు మిట్టమధ్యాహ్నం చదివినా గెలుస్తారు. పొద్దు సంగతి ఏమీ తేలలేదు. ఎవరు బాగా చదువుతారో అదే మళ్లీ తేలింది.

అప్పుడు సారు ఒక సంగతి చెప్పారు. హైదరాబాదులో యూసుఫ్‌గూడ అంటే మనకు సినిమా స్టూడియోలే గుర్తొస్తాయి. చిన్న పరిశ్రమలవారికి శిక్షణ ఇచ్చే జాతీయ సంస్థ కూడా అక్కడే ఉంది. దాన్ని పూర్వం సియెట్ అనేవారు. హార్వర్డ్ ఆచార్యుడు డేవిడ్ మెక్లెలాండ్ 1964లో మొదలుపెట్టి కాకినాడ వ్యాపారస్తులకు ఆ సంస్థ ద్వారా శిక్షణ ఇప్పించారు. ఏదైనా సాధించాలనే పట్టుదలను శిక్షణతో పెంచవచ్చా అన్నది ఆయన ప్రశ్న. శిక్షణ తర్వాత వ్యాపారం పెరిగితే అది శిక్షణ వల్లేనా, కాలం కలిసొచ్చిందా? అది తేల్చడానికి శిక్షణ పొందనివాళ్లను కూడా గమనించారు. పోలికకు రాజమండ్రిని తీసుకున్నారు. శిక్షణ పొందినవాళ్లే ఎక్కువ చురుకుగా ఉన్నారని 1969లో పుస్తకం వేశారు.

"అయినా శిక్షణకు వస్తానన్నవాడికి ముందే కొంత హుషారు ఉంటుంది గదా?" అన్నారు సారు. ఆ అనుమానం పోవాలంటే చీటీలు వేయాలి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2005లో మొదలైన ఒక పరిశోధనలో 500 ప్రభుత్వ బడులను లాటరీ పద్ధతిన నూరేసి చొప్పున ఐదు గుంపులు చేశారు. నాలుగు గుంపులకు నాలుగు రకాల సాయం ఇచ్చారు. ఐదో గుంపును పోలిక కోసం ఉంచారు.

మనం కంప్యూటర్ గదిలో ఇలా చేయవచ్చు:

1. ముందు ఇష్టం అడగాలి. రెండు గుంపుల్లో దేనికైనా సరే అన్నవాళ్ల పేర్లే రాయాలి.

2. ఎక్సెల్‌లో పేర్లు ఒక వరుసలో కొట్టి, పక్క వరుసలో ర్యాండ్ ఫార్ములా పెట్టాలి. ఒక్కో పేరుకు ఒక అంకె పడుతుంది.

3. ఆ అంకెలను కాపీ చేసి విలువలుగా అతికించాలి. లేకుంటే ప్రతిసారీ మారిపోతాయి.

4. అంకెల ప్రకారం పేర్లను సర్దాలి. పై సగం ఒక గుంపు, కింది సగం ఇంకో గుంపు.

5. ఎనిమిది, తొమ్మిది తరగతులకు విడివిడిగా చేయాలి. అప్పుడు పెద్దవాళ్లంతా ఒకే గుంపులో పడరు.

ఒక్కసారి పడిందే పడింది. నచ్చలేదని మళ్లీ మళ్లీ నొక్కితే నేను మొదట చేసిన తప్పే అవుతుంది.

వార్డెన్ గారు దయతో ఈ పరీక్ష అయ్యేదాకా పాత గంటే ఉంచుతామన్నారు. ఆదివారం టిఫిన్ అయ్యాక పేర్లు తీస్తాము. ఎవరికి ఏ గుంపు వచ్చినా స్నేహితుడి కోసం మార్చుకోవద్దని మనవి. మీరు గుంపు మారితే తమ్ముళ్ల నిద్ర సంగతి మళ్లీ తప్పుడు లెక్క మీదే నిర్ణయమవుతుంది.

ఇట్లు,
మీ తొమ్మిదో తరగతి మిత్రుడు