గ్రామోత్సవములో మృదంగము

శ్రీరామనవమికి పందిరి వేయని గ్రామము మన ప్రాంతమున అరుదు. పందిరి వేసినచోట హరికథయో, భజనయో, పాటకచేరియో జరుగును. ఏది జరిగినను మృదంగము లేనిదే రక్తి కట్టదు. అయినను మరునాటి ఉదయము రచ్చబండ మీద కూర్చుండిన వారిని అడిగి చూడుడు. పాడినవారి పేరు పదిమంది చెప్పుదురు. మృదంగము వాయించినవారి పేరు చెప్పగలవాడు ఒక్కడు దొరకుట కష్టము. ఇక ఆ మృదంగమును కట్టినవాని పేరు, వాయించినవారికి తప్ప ఎవ్వరికిని తెలియదు.

కొన్ని సంవత్సరముల క్రిందట ఒక గ్రామములో జరిగిన త్యాగరాజ ఆరాధనోత్సవమునకు మేము వెళ్లితిమి. రాత్రి తొమ్మిది దాటినది. గాయకుడు పెద్ద కీర్తన ముగించి మృదంగ విద్వాంసునకు తని ఆవర్తనము విడిచెను. తని ఆవర్తనమనగా గాయకుడు పాట నిలిపి తాళము మాత్రము వేయుచుండగా, మృదంగము ఒంటరిగా తన విద్య చూపు ఘట్టము. ఆయన మొదలుపెట్టి నాలుగు నిమిషములైనను కాలేదు. మా వెంట వచ్చిన ముఖ్య అతిథికి ప్రయాణవేళ మించుచున్నదని కార్యదర్శికి చీటీ పంపినది మేమే. చీటీ వేదిక మీదికి వెళ్లినది. మైకు అతిథి చేతికి వచ్చినది. విద్వాంసుడు చేతులు ఒడిలో పెట్టుకొని ఇరువది నిమిషములు ఉపన్యాసము వినెను. ఉపన్యాసము ముగిసిన పిమ్మట ఆయన తిరిగి వాయింపలేదు, మంగళము పాడివేసిరి.

ఆయన వెంట ఒక వృద్ధుడు వచ్చియుండెను. ఆ మృదంగమునకు మూతలు కట్టినవాడు అతడే. పందిరి వెలుపల గుంజను ఆనుకొని నిలుచుండెను. లోపలికి వచ్చి కూర్చుండరాదా అని మేము అడుగగా, “ఇక్కడికే బాగా వినబడుతుందండీ” అనెను. లోపల కుర్చీలు ఖాళీగానే యున్నవి. ఈ వ్యాసము ఆ రాత్రి నుండి మాకు బాకీగా నిలిచియున్నది.

మొదట ఆ వాద్యమేమిటో తెలిసికొందము. ‘మృత్’ అనగా మట్టి. పేరులో మట్టి యున్నను నేటి మృదంగమును పనసకర్రతో తొలుతురు. పొడవు సుమారు 22 నుండి 24 అంగుళములు. హెచ్చు శ్రుతిలో పాడువారికి పొట్టిది, తగ్గు శ్రుతిలో పాడువారికి పొడుగుది కావలెను. అందువలననే విద్వాంసుడు ఒక్కొక్కప్పుడు రెండు మృదంగములు మోసికొని వచ్చును. దారిఖర్చుల పద్దు వ్రాయు సభ్యులు ఈ సంగతి ముందుగా ఎరిగియుండుట మంచిది.

కుడి మూతలో మూడు పొరలు కలవు. నడిమి పొర మేకతోలు. దాని చుట్టును పైన వలయముగా నుండునది ఆవుతోలు. ఎడమ మూతకు మేకతోలుతోపాటు గేదెతోలు వాడుదురు. రెండు మూతలను బిగించి పట్టు వారులు కూడ గేదెతోలువే. కుడి మూత నడుమ నల్లని బిళ్ల వలె కనబడునది కరణి. మెత్తగా నూరిన నల్లరాతి పొడిని ఉడికిన అన్నముతో కలిపి మెదిపి, చిటికెడు చిటికెడుగా అలికి, ప్రతి పొరను నున్నని రాతితో రుద్ది, ఆరిన పిమ్మట మరియొక పొర వేయుదురు. నడుమ మందముగాను, అంచునకు పోనుపోను పలుచగాను ఉండవలెను. ఎంత మందమో చెప్పు కొలబద్ద ఏదియు లేదు. కట్టువాడు పొర వేసినప్పుడెల్ల వ్రేలితో తట్టి, చెవితో విని నిర్ణయించును. ఎడమ మూతకు మాత్రము కచేరికి ముందు రవ్వను నీటితో తడిపి ముద్దచేసి అంటింతురు, ముగియగానే తీసివేయుదురు. ఆ రవ్వ వలననే ఎడమచేతికి గంభీరమైన మంద్రనాదము వచ్చును.

ఈ కరణిలోని రహస్యమును శాస్త్రరీత్యా వెల్లడించినది సర్ చంద్రశేఖర వెంకట రామన్. విశాఖపట్టణమున బాల్యవిద్య నేర్చి, 1930లో నోబెల్ బహుమతి నందిన ఆ మహాశయుడు 1920లో ఒకసారియు, 1934లో మరియొకసారియు మన చర్మవాద్యములను గూర్చి పరిశోధనలు ప్రకటించెను. సామాన్యమైన చర్మమును బిగించి కొట్టినపుడు ఒక్కసారిగా పెక్కు ధ్వనులు పుట్టును. అవి ఒకదానితో ఒకటి పొత్తు కుదరవు. అందువలన శబ్దము వినబడును గాని స్వరము వినబడదు. చర్మము నడుమ తగిన బరువును తగిన రీతిని పరచినచో ఆ ధ్వనులు 1, 2, 3, 4, 5 అను లెక్కలో, వీణ తంత్రి నుండి వచ్చు ధ్వనులవలె ఒద్దికగా అమరును. కావుననే మృదంగము గాయకుని శ్రుతిలో కలిసి పాడగలుగుచున్నది. పరిశోధనాలయములోని పరికరములు 1920లో కనుగొనిన దానిని, పందిరి వెలుపల నిలుచుండిన అట్టి మనుష్యుల తాతముత్తాతలు వ్రేళ్లతో ఎన్నడో సాధించియుండిరి. వారి పేర్లు ఏ గ్రంథములోను లేవు.

పేర్లు లేకపోవుటకు కారణమును దాచుకొననక్కరలేదు. చచ్చిన పశువు చర్మము ఒలిచి, ఊనవైచి, వారు కోయు పని ఎవరికి విడిచిపెట్టితిమో పంచాయతీ సభ్యులకు మేము చెప్పవలసిన పనిలేదు. కచేరి వేదికపైకి వచ్చిన తోలు పవిత్రమైనది. దానిని తెచ్చిన చేతులు మాత్రము వెలుపలనే ఉండిపోయినవి. తమిళనాట తంజావూరు మూలముగా గల సెబాస్టియన్ వారి కుటుంబము, దళిత క్రైస్తవులు, తరతరములుగా మృదంగములు కట్టుచు పేరెన్నికగన్నది. ఆ కుటుంబమునకు చెందిన పర్లాందు, పాల్ఘాట్ మణి అయ్యరు గారికి మృదంగములు కట్టెను. మణి అయ్యరు (1912–1981) ఇరువదవ శతాబ్దపు మృదంగ విద్వాంసులలో అగ్రగణ్యుడు. ఆయన కోరిన నాదమును కర్రలోను తోలులోను వెదకి తెచ్చినది పర్లాందు. ఇట్టివారి చరిత్రను గాయకుడు టి. ఎం. కృష్ణ 2020లో గ్రంథముగా ప్రకటించెను. ఆవిష్కరణకు ముందుగా ఇచ్చిన సభాస్థలమును ఒక సంస్థ వెనుకకు తీసికొనినది. సభ మరియొకచోట జరిగినది. నూరేండ్ల క్రిందటి మాట కాదు, 2020 నాటి మాట.

వాయించువారికి సైతము గౌరవము సులభముగా లభింపలేదు. మదరాసు మ్యూజిక్ అకాడమీ 1928లో స్థాపితమైనది. అది ప్రతి సంవత్సరము ఇచ్చు సంగీత కళానిధి బిరుదము మృదంగ విద్వాంసునకు మొట్టమొదట దక్కినది 1966లో. అందుకొనినది మణి అయ్యరే. ఆ మణి అయ్యరు గారు కూడ చిరకాలము స్త్రీల పాటకు వాయింపనని నియమము పెట్టుకొని, కడపట డి. కె. పట్టమ్మాళ్ గారి గానమునకు ప్రక్కన కూర్చుండిరి. తనకు జరిగిన చిన్నచూపును గుర్తించినవాడు తాను ఇతరులకు చేయు చిన్నచూపును గుర్తించుననుకొనుట పొరపాటు.

ఇక తాళము సంగతి. తని ఆవర్తనము మొదలుకాగానే కాఫీకి లేచిపోవుట మన సభలలో అలవాటైపోయినది. అర్థము కాకపోవుటయే దీనికి కారణము. అర్థము చేసికొనుట అంత కష్టము కాదు. చెక్కభజన చేసినవారికి, కోలాటము వేసినవారికి సగము తెలిసినదే. ఆదితాళములో ఎనిమిది క్రియలు: ఒక దెబ్బ, మూడు వ్రేళ్లు, పిమ్మట దెబ్బ, విసురు, దెబ్బ, విసురు. ఒక్కొక్క క్రియను నాలుగు భాగములు చేసినచో ఒక ఆవర్తనమునకు 32 అగును. విద్వాంసుడు ‘తధి-గిణతొం’ అను జతి వాయించెననుకొనుడు. నడుమ విరామముతో కలిపి అది ఆరు. ముక్తాయింపులో దానిని మూడుసార్లు చెప్పవలెను, మూడార్లు పద్దెనిమిది. నడుమ రెండు చోట్ల మూడేసి ఖాళీ విడిచినచో మరియొక ఆరు, వెరసి ఇరువదినాలుగు. 32 నుండి 24 తీసివేయగా ఎనిమిది, అనగా రెండు క్రియలు. కాబట్టి ఆయన రెండు క్రియలు గడచిన తరువాత ఎత్తుకొనును. మూడవ ‘తొం’ ముగియగానే సరిగా తరువాతి ఆవర్తనపు మొదటి దెబ్బ పడును. ఒక్కసారి చేతితో తాళము వేసికొని ఈ లెక్క సరిచూచినవాడు మరి కాఫీకి లేవడు. ఇది మేము పిల్లలపైని, పెద్దలపైని ప్రయోగించి చూచినదే. పిల్లలకు త్వరగా వచ్చినది.

ఈ లెక్క ఉత్సవములందు మరింత ఉపకరించును. కాకర్ల త్యాగబ్రహ్మము (1767–1847) సిద్ధిపొందిన పుష్య బహుళ పంచమినాడు కావేరీతీరమున తిరువయ్యారులో వందలాది విద్వాంసులు కూడి పంచరత్న కృతులు పాడుదురు. అవి నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీరాగములలోనివి. రాగములు ఐదైనను తాళము ఒక్కటే, ఆదితాళము. మృదంగములన్నియు బారులుతీరి ఒక్క దెబ్బగా నడచును. మన ఊళ్లలో జరుగు ఆరాధనలకు మూలము ఆ ఉత్సవమే.

అక్కడ నేడు నిలిచియున్న త్యాగరాజ మందిరమును 1920–30 సంవత్సరముల మధ్య కట్టించినది బెంగుళూరు నాగరత్నమ్మ (1878–1952). దేవదాసీ కులమున పుట్టిన ఆ విదుషి తన సంపాదనను అందులకే వెచ్చించినది. గుడి కట్టించిన ఆమెకు సైతము ఆ ఉత్సవములో పాడు హక్కు లేదనిరి. ఆమె స్త్రీల ఆరాధనను వేరుగా నడిపి, 1940–41 ప్రాంతమున కక్షలన్నియు ఒకటైన పిమ్మట స్త్రీపురుషులు కలిసి పాడు ఏర్పాటునకు దారితీసినది. మృదంగము విషయమున తెలుగునాట నిడుమోలు సుమతి గారిని చెప్పుకొనవలెను. ఏలూరులో జన్మించి, తండ్రి వద్దను, పిమ్మట దండమూడి రామమోహనరావు గారి వద్దను అభ్యసించి, 2021లో పద్మశ్రీ నందిరి. ఆడపిల్లకు మృదంగమేమిటని ఊరిలో ఎవరైన అన్నప్పుడు ఈ పేరు చెప్పవచ్చును. ఉత్సవము వలన గ్రామ బాలురకు కలుగు మేలునకును ఒక నిదర్శనము కలదు: కోనసీమలోని శంకరగుప్తములో పుట్టిన మంగళంపల్లి బాలమురళీకృష్ణ (1930–2016) ఎనిమిదవ ఏట పూర్తి కచేరి చేసినది విజయవాడ త్యాగరాజ ఆరాధనలోనే. ఆయన మృదంగమును కూడ వాయింపనేర్చిన గాయకుడు.

పంచాయతీకి దీనితో పనియేమి అని సభ్యులు అడుగవచ్చును. 1992 నాటి 73వ రాజ్యాంగ సవరణతో చేరిన పదునొకండవ షెడ్యూలులో 29 అంశములున్నవి. వానిలో 21వది సాంస్కృతిక కార్యకలాపములు. ఉత్సవము చందాలతో జరిగినను, ఉత్సవసంఘములో కూర్చుండువారు తరచుగా పంచాయతీ సభ్యులే. కావున కొన్ని సంగతులు చెప్పుదుము.

మృదంగము గాయకునకు కుడిప్రక్కన ఉండవలెను. అట్లున్ననే కుడి మూత సభవైపు తిరుగును. వాయించువారు ఎడమచేతివాటమైనచో ఎడమప్రక్కన చోటు ఇచ్చి, వయొలినును ఇవతలికి మార్చవలెను. పళని సుబ్రహ్మణ్య పిళ్లె (1908–1962) అంతటివారు ఎడమచేతివారే. ఈ చోటు మార్పునకు ఒప్పుకొనని ప్రక్కవాద్యగాండ్ర వలన ఆయన ఇబ్బంది పడిరి. పెద్ద దీపముల క్రింద మృదంగమును కూర్చుండబెట్టవలదు. వేడికి తోలు బిగిసి శ్రుతి మారును. కంజిర ఉన్నచో అది ఉడుము చర్మముతో కట్టినదా అని ముందుగా విచారింపుడు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము క్రింద ఉడుమును చంపుట నేరము. మేకతోలుతో కట్టినవి దొరకుచున్నవి.

సంభావన గాయకుని చేతిలో మొత్తముగా పోసి పంచుకొమ్మనుట పాత అలవాటు. ఎవరి కవరు వారి పేర వ్రాసి వారి చేతికే ఇయ్యవలెను. ఆహ్వానపత్రమున గాయకుని పేరు ఏ అక్షరములలో వేసిరో మృదంగ విద్వాంసుని పేరును ఆ అక్షరములలోనే వేయుడు. దాని క్రింద మృదంగము కట్టినవారి పేరును వేయుడు. ఆ పేరు విద్వాంసుని అడిగినచో సంతోషముగా చెప్పును. మూతలు కట్టినవారు కచేరికి వచ్చిరేని, ముందువరుసలో కుర్చీ చూపి కూర్చుండబెట్టు పని ఒక సభ్యునికి అప్పగింపుడు. ‘రావచ్చును’ అని నోటితో అనుట చాలదు. ఉపన్యాసములు కచేరికి ముందే ముగియవలెను. మా శాఖవారు చీటీ పంపినను తని ఆవర్తనము ముగియు వరకు దానిని కార్యదర్శి జేబులోనే ఉంచుకొనవచ్చును.

వేదిక మీద ఒక చెంబెడు నీళ్లు, ఒక గిన్నెలో గుప్పెడు రవ్వ, ఒక తడిగుడ్డ సిద్ధముగా ఉంచుడు. రవ్వ కొరకు చివరి నిమిషమున కిరాణాకొట్టు తలుపు తట్టిన ఊళ్లను మేము చూచితిమి.