కట్ట మీద నడకలో ఫోను నేర్పినవి, నేర్పనివి

1. పదివేల అడుగులు వేదవాక్కు కాదు.

ఫోనులో అడుగుల లెక్క మొదలుపెట్టగానే మా భద్రకాళి చెరువు కట్ట బృందమంతా పదివేల వెంట పడింది. మోకాళ్లు పట్టేసినవాళ్లు కూడా రాత్రి భోజనమయ్యాక వరండాలో అటూ ఇటూ తిరిగి అంకె నింపేవారు. ఆ అంకె ఏ డాక్టరూ రాసిచ్చింది కాదు. టోక్యో ఒలింపిక్స్ అయిన మరుసటేడు, 1965లో, యమాసా అనే జపాన్ కంపెనీ అడుగులు లెక్కించే పరికరాన్ని అమ్ముకోవడానికి వాడుకున్నది. 2019లో హార్వర్డ్‌కు చెందిన ఐ-మిన్ లీ బృందం సగటున 72 ఏళ్లున్న అమెరికా మహిళల నడకను పరిశీలించింది. రోజుకు 2,700 అడుగులు వేసేవారికన్నా 4,400 వేసేవారిలో మరణాలు బాగా తక్కువ. సుమారు 7,500 దాటాక అదనపు లాభం కనబడలేదు.

అందుకే మా వాళ్లకు ఒకటే చెబుతాను. ముందు ఒక వారం మామూలుగా తిరగండి. ఎన్ని అడుగులు పడ్డాయో చూసి, దాని మీద ఓ అయిదొందలు కలిపి యాప్‌లో పెట్టుకోండి. కంపెనీవాడు పెట్టిన లక్ష్యాన్ని మార్చుకునే వీలు సెట్టింగుల్లో ఉంటుంది. మొహమాటపడొద్దు.

2. చీరకు జేబు లేదు.

మా ఆవిడ తెల్లారింది మొదలు వాకిలి ఊడ్చి, నీళ్లు పట్టి, మేడ మీద బట్టలారేసి, మళ్లీ దించి తెస్తుంది. సాయంత్రానికి ఫోను “ఈరోజు మీరు చురుగ్గా లేరు” అంటుంది. “దానికేం తెలుసండీ, పొద్దున్నుంచి ఫ్రిజ్ మీదే కూర్చుంది” అంది తను. ఒంటి మీద ఉంటేనే ఫోను లెక్కపెడుతుంది. ఆడవాళ్ల లెక్కలు తక్కువగా కనబడితే బద్ధకమని తీర్పు చెప్పకండి.

3. తూలడం యాప్‌లో కనబడదు.

మన వయసులో మంచాన పడేసేది చాలాసార్లు ఒక్క జారుడే. 65 దాటినవాళ్లు వారానికి కనీసం 150 నిమిషాల నడకలాంటి శ్రమతో పాటు, మూడు రోజులైనా నిలకడకూ కండబలానికీ కసరత్తు చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. రెండోదాన్ని అందరూ వదిలేస్తారు, అంకె రాదు కదా! వంటగట్టు పట్టుకుని ఒంటికాలి మీద నిలబడటం, చేతులు ఆన్చకుండా కుర్చీలోంచి లేవడం, ఇవి చాలు. ఫోనును వీటికి అలారంగా వాడుకోండి. కట్ట మీద మాత్రం అది జేబులోనే ఉండాలి. నడుస్తూ వాట్సాప్ చూడటం కన్నా ఇంట్లో కూర్చోవడం నయం.

4. బీపీ రాసే ముందు అయిదు నిమిషాలు ఊరికే కూర్చోండి.

వీపు కుర్చీకి ఆనాలి, చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద ఉండాలి. మెట్లెక్కి వచ్చి చూసుకున్న అంకెను యాప్‌లో ఎక్కించి కంగారుపడి లాభం లేదు. ఎక్కించినవన్నీ డాక్టరుకు చూపించండి. వాటిని చూసి మాత్రలు మనమే మార్చేసుకోకూడదు.

5. ఓటీపీ ఎవరికీ చెప్పొద్దు.

ఈ-సంజీవని యాప్‌లో ప్రభుత్వ డాక్టరుతో వీడియోలో ఉచితంగా మాట్లాడొచ్చు. 70 దాటినవాళ్లకు 2024 నుంచి ఉచిత వైద్యానికి ఆయుష్మాన్ వయ వందన కార్డు ఉంది. వీటి పేరు చెప్పి ఎవడైనా ఫోన్ చేసి ఓటీపీ అడిగితే పెట్టేయండి. అనుమానముంటే పెద్దల హెల్ప్‌లైన్ 14567కు మీరే చేయండి.

6. లక్ష్యం చేరితే యాప్ చూపే చప్పట్ల బొమ్మ వారం రోజులే పనిచేస్తుంది.

ఆ తర్వాత మనిషిని ఇంట్లోంచి కదిలించేది “ఏమన్నా, రెండ్రోజులైంది, కనబడవేం?” అనే గొంతే. మా గ్రూపులో సాయంత్రం అందరం అడుగుల అంకె పెడతాం, పోటీకి కాదు. రెండ్రోజులు ఎవరి అంకె రాకపోతే మూడోనాడు ఇద్దరం వాళ్లింటికి పోతాం. అలా వెళ్లినప్పుడు ఒకాయన జ్వరంతో పడుకుని ఉన్నాడు, ఆస్పత్రికి తీసుకుపోయాం. ఇంకొకాయన దివ్యంగా ఉన్నాడు. సెలవులకొచ్చిన మనవడు ఆటలాడటానికి ఫోను లాక్కున్నాడట. టీ తాగి వచ్చాం.