కొండపల్లి బొమ్మలకు మూలధనము

విజయవాడకు సమీపముననున్న కొండపల్లిలో బొమ్మలు చేయు ఆర్యక్షత్రియుల వ్యాపారమునకు మూలధనమేది? రూకలని బాలురు తొందరపడి చెప్పుదురు. నిజమునకు అది అడవిలోని తెల్లపొణికి చెట్టు.

ఆ కొయ్య తేలికయైనది, మెత్తనిది. దానిని సెగచూపి తడియార్చి, అవయవములను వేఱువేఱుగ చెక్కి, చింతగింజల పిండియు రంపపుపొట్టును గలిపిన మక్కుతో అతికి, సున్నము పూసి రంగులు వేయుదురు. పాఱవేయవలసిన పొట్టే పనికివచ్చుట చూడుడు!

అయినను కొయ్య కొఱతపడుచున్నది. లెక్కకొఱకు ఇట్లనుకొందము: ఒక పనివానికి ఏటికి 2 చెట్లు కావలెను, నాటిన చెట్టు 10 ఏండ్లకు కోతకు వచ్చును. అట్లయిన ఎల్లప్పుడును 20 చెట్లు పెరుగుచుండవలెను. కొట్టిన యేటనే 2 మొక్కలు నాటవలెను. నాటనిచో వడ్డీ గాక అసలే తినుచున్నట్లు.

భౌగోళిక సూచిక యను ప్రభుత్వపు గుర్తింపు బొమ్మ పేరును కాపాడును గాని చెట్టును మొలిపింపదు. అడవి ప్రభుత్వమువారిది, ఉలి పనివానిది, అంగడి వర్తకులది. కావున ఒక్కొక్క బొమ్మ వెలలో మొక్కకొఱకు కొంత తీసియుంచి, మువ్వురును కలసి నాటుట యుక్తమని నా యభిప్రాయము. ఎంత తీయవలెనో పై తరగతివారు లెక్కకట్టి చూపుదురు గాక.