బదిలీ సామానులో ఫ్రిజ్ భద్రం

బదిలీ ఉత్తర్వులు రాగానే ఉద్యోగి చాలాసార్లు ముందుగానే రిలీవై కొత్త బ్రాంచిలో చేరిపోతారు. పిల్లల పరీక్షలు ముగిశాక సామాను లారీకెక్కించే రోజున ఇంట్లో ఉండేది కుటుంబ సభ్యులే. బీరువాకో మంచానికో దెబ్బ తగిలితే కంటికి కనిపిస్తుంది. ఫ్రిజ్ విషయం అలా కాదు. పైన ఒక్క గీత కూడా పడకుండా చేరిన ఫ్రిజ్ సైతం స్విచ్ వేసిన కొద్ది రోజులకే మూలన పడవచ్చు. కారణం తెలిస్తే జాగ్రత్త పడటం తేలిక.

నిలువుగానే ఎందుకు తీసుకెళ్లాలి?

ఫ్రిజ్ వెనుక అడుగు భాగంలో చిన్న కుండలా కనిపించే నల్లని భాగమే కంప్రెసర్. మూసి ఉన్న ఆ ఉక్కు డొప్పలో మోటారు, పిస్టన్, వాటి అడుగున కొంత ఆయిల్ ఉంటాయి. యంత్రం అరిగిపోకుండా కాపాడేది ఆ ఆయిలే. ఫ్రిజ్‌ను పడుకోబెడితే అది గ్యాస్ తిరిగే గొట్టాల్లోకి జారుతుంది. వాటిలో క్యాపిలరీ అనే గొట్టం చాలా సన్ననిది. ఆయిల్ అందులో అడ్డుపడితే చల్లదనం తగ్గిపోతుంది. మరోవైపు, ఆయిల్ తగ్గిన కంప్రెసర్‌ను వెంటనే నడిపితే అది దెబ్బతింటుంది. ఫ్రిజ్ రిపేర్లలో ఎక్కువ ఖర్చయ్యేది కంప్రెసర్ మార్పిడికే.

ముందు రోజు చేయవలసినవి

• కొత్త ఇంటి గుమ్మం, మెట్ల మలుపు, లిఫ్టు వెడల్పు కొలిపించండి. కొలత ముందే తెలిస్తే, మెట్ల మధ్యలో ఫ్రిజ్‌ను అడ్డంగా తిప్పే అవసరం రాదు.

• కూరలు, పాలు ముందుగానే వాడేయండి. 24 గంటల ముందు ప్లగ్ తీసి, తలుపు తెరిచి ఉంచండి. గడ్డకట్టిన ఐసును చాకుతో గోకవద్దు. ఆ గోడ వెనుకే గ్యాస్ గొట్టాలుంటాయి.

• వెనుక ట్రేలోని నీళ్లు పారబోసి, లోపల పొడి గుడ్డతో తుడవండి. గాజు అరలు, కూరగాయల డబ్బా తీసి పాత దుప్పట్లలో చుట్టండి.

• తలుపు తెరుచుకోకుండా మెత్తని గుడ్డ పట్టీతో కట్టండి. టేపును నేరుగా అంటిస్తే పెయింటు ఊడి రావచ్చు.

• ఇంట్లో ఇన్సులిన్ వాడేవారుంటే దాని ఏర్పాటు ముందే చూసుకోండి. తెరవని ఇన్సులిన్‌ను 2 నుంచి 8 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంచాలి, గడ్డ కట్టనివ్వకూడదు. ఐస్ ప్యాక్ నేరుగా తగలకుండా గుడ్డ చుట్టి, చల్లదనం నిలిచే డబ్బాలో మీ వెంటే తీసుకెళ్లండి. లారీలో వేయవద్దు.

లారీ ఎక్కించేటప్పుడు

ఇద్దరు ముగ్గురు కలిసి అడుగు భాగం పట్టి ఎత్తాలి. తలుపు హ్యాండిల్ గానీ, వెనుక గొట్టాలు గానీ పట్టుకోనివ్వవద్దు. మెట్ల దగ్గర వంచక తప్పకపోతే వీలైనంత తక్కువగా వంచాలి. లారీలో క్యాబిన్ గోడకు ఆనించి, నిలువుగా నిలిపి, తాళ్లతో బిగించాలి. ఎత్తు చాలక పడుకోబెట్టక తప్పదంటే, ఏ పక్కకో మాన్యువల్ చూసి పక్కవాటుగా పెట్టించండి. వెల్లకిలా మాత్రం వద్దు.

ఇప్పటి ఫ్రిజ్‌లు చాలావాటిలో ఆర్-600ఏ అనే గ్యాస్ వాడుతున్నారు. వెనుక లేబుల్ చూస్తే తెలుస్తుంది. పరిమాణం కొద్దిగానే ఉన్నా దీనికి మండే గుణం ఉంది. గొట్టం విరిగి బుస్సుమని శబ్దం వస్తే కిటికీలు తెరవండి. స్టవ్వు వెలిగించవద్దు, ఏ స్విచ్చూ వేయవద్దు. మెకానిక్ వచ్చి చూసేదాకా ఫ్రిజ్ జోలికి వెళ్లవద్దు.

కాగితాల పని

కట్టకముందే ఫ్రిజ్‌కు నాలుగు వైపులా ఫోటోలు తీయండి. రవాణా బీమా తీసుకుంటే సామాను జాబితాలో ఫ్రిజ్ పేరు, మోడల్, విలువ ఉన్నాయో లేదో చూడండి. దించాక సొట్టలుంటే ఆ సంగతి రసీదు మీద రాసి, ఆ తర్వాతే సంతకం పెట్టండి.

కొత్త ఇంట్లో

అసలు తొందర ఇక్కడే వస్తుంది. ఎండలో ప్రయాణం చేసి వచ్చిన పిల్లలు చల్లని నీళ్లడుగుతారు. అయినా ప్లగ్ పెట్టవద్దు. దారి పొడవునా నిలువుగా వచ్చిన ఫ్రిజ్‌ను కూడా 3, 4 గంటలు ఆపండి. పడుకోబెట్టి తెచ్చి ఉంటే నిలబెట్టి 24 గంటలు ఉంచండి. గొట్టాల్లోకి జారిన ఆయిల్ మళ్లీ కంప్రెసర్‌లోకి చేరడానికే ఈ గడువు.

ఈలోగా దాన్ని గోడకు కొంచెం ఎడంగా, పొయ్యికి, ఎండకు దూరంగా, సమంగా నిలపండి. ఎర్తింగ్ ఉన్న మూడు పిన్నుల సాకెట్‌కే కలపండి, ఎక్స్‌టెన్షన్ బోర్డు వద్దు. గడువు తీరాక ఖాళీగానే నడిపించి, లోపల బాగా చల్లబడ్డాకే పాలు, కూరలు సర్దండి. అందాకా ఆ పూటకు కూజా నీళ్లు చాలు.