కిటికీలో పూచిన కొండపువ్వు

పాఠ్యభాగ పరిచయం

ఇంటిలోపల పెంచుకొనే పూలమొక్కలలో ఆఫ్రికన్ వైలెట్‌కు ప్రత్యేక స్థానం ఉంది. పరిసరాలు అనుకూలిస్తే ఇది ఏడాదిలో చాలా నెలలు పూస్తుంది. అనుకూలించకపోతే పచ్చగా కళకళలాడుతూనే ఒక్క మొగ్గనైనా తొడగదు. ఈ తేడాకు మూలం ఆ మొక్క పుట్టిన చోటులోనే ఉన్నదని ఈ పాఠం వివరిస్తుంది.

పుట్టినిల్లు

తూర్పు ఆఫ్రికాలోని టాంజానియా దేశంలో, హిందూమహాసముద్ర తీరానికి చేరువలో ఉసంబరా కొండలు ఉన్నాయి. సముద్రం మీదుగా వచ్చే తేమగాలులు ఈ కొండలను తాకి వర్షిస్తాయి. అందువల్ల అక్కడ దట్టమైన అడవులు పెరిగాయి. ఆ అడవులలో, పెద్ద చెట్ల నీడన, చెమ్మ తగిలే బండల పగుళ్లలో, నాచు పట్టిన రాళ్లపై ఒక చిన్న మొక్క పెరుగుతుంది. దాని ఆకులు దళసరిగా, నూగుతో మెత్తగా ఉంటాయి. సాధారణంగా అవి పొట్టి కాండం చుట్టూ చక్రాకారంలో పరచుకొంటాయి. వాటి మధ్య నుంచి సన్నని కాడలపై ఊదారంగు పూలు గుత్తులుగా పూస్తాయి. ఐదు రేకుల నడుమ పసుపుపచ్చని పుప్పొడి తిత్తులు పూసల్లా మెరుస్తాయి.

పంతొమ్మిదవ శతాబ్ది చివర ఆ ప్రాంతం జర్మనీ ఏలుబడిలో ఉండేది. అక్కడ జిల్లా అధికారిగా పనిచేస్తున్న వాల్టర్ ఫాన్ సెయింట్ పాల్ ఇల్లేర్ 1892లో ఈ మొక్కను చూసి ముచ్చటపడి, జర్మనీలోని తన తండ్రికి చేరవేశాడు. తండ్రి దానిని హానోవర్ నగరంలోని హెరెన్‌హౌసెన్ ఉద్యానవన అధిపతి, వృక్షశాస్త్రజ్ఞుడు హెర్మన్ వెండ్‌లాండ్‌కు అందజేశాడు. వెండ్‌లాండ్ 1893లో దీనికి 'సెయింట్‌పాలియా అయొనాంథా' అని శాస్త్రీయ నామం పెట్టాడు. మొదటి పదం ఆ కుటుంబాన్ని స్మరింపజేస్తుంది. రెండవ పదానికి వైలెట్ వంటి పువ్వు గలది అని అర్థం. నిజానికి ఐరోపా వారు ఎరిగిన వైలెట్ మొక్కలతో దీనికి చుట్టరికం లేదు. పూల రంగును, పోలికను బట్టి వచ్చిన పేరు అది. 2015లో శాస్త్రజ్ఞులు దీనిని స్ట్రెప్టోకార్పస్ అనే ప్రజాతిలో చేర్చారు. అయినప్పటికీ పెంపకందారుల వాడుకలో పాత పేరు చెరిగిపోలేదు.

1920వ దశకంలో లాస్ ఏంజెలస్‌కు చెందిన ఆర్మకాస్ట్ అండ్ రాయిస్టన్ అనే నర్సరీ జర్మనీ, ఇంగ్లండు దేశాల నుంచి విత్తనాలు తెప్పించి మొలకెత్తించింది. వాటిలో మేలైన పది రకాలను ఎంపిక చేసి పెంచింది. అమెరికా ఇళ్లలో ఈ మొక్క విస్తరించడానికి అవి పునాది వేశాయి. 1946లో ఆఫ్రికన్ వైలెట్ పెంపకందారులు అమెరికాలో ఒక సంఘాన్ని ఏర్పరచుకొన్నారు. నేడు తెలుపు, గులాబి, ఊదా, నీలం వన్నెలలోను, ముద్దపూలుగాను, రెండు రంగులు కలిసిన రేకులతోను ఎన్నో రకాలు లభిస్తున్నాయి. రూపం ఎంత మారినా ఈ మొక్క కోరుకొనేది మాత్రం ఆ పాత కొండనీడనే.

వెలుతురు

అడవిలో ఈ మొక్కపై సూర్యకిరణాలు సూటిగా పడవు. ఆకుల మధ్య నుంచి వడగట్టినట్లు దిగివచ్చే మెత్తని వెలుతురు మాత్రమే దానికి అందుతుంది. ఇంటిలో తూర్పు కిటికీ దగ్గర, పలుచని తెర వెనుక ఇటువంటి వెలుతురు లభిస్తుంది. వెలుతురు చాలనప్పుడు ఆకుల తొడిమలు పొడవుగా సాగి, ఆకులు దాని కోసం పైకి చూస్తాయి. అప్పుడు మొక్క బతుకుతుంది కాని పూయదు. వెలుతురు మితిమీరితే ఆకులు పాలిపోయి, మధ్యభాగంలో ఒకదానిపై ఒకటి బిగుసుకొంటాయి. ఆకులే ఈ సంగతిని ముందుగా తెలియజేస్తాయి కనుక పెంపకందారుడు పూలకంటె ముందు ఆకులను చదవడం నేర్చుకోవాలి.

పువ్వు తొడగడానికి ఆహారం కావాలి. ఆ ఆహారం కిరణజన్య సంయోగక్రియ వల్ల తయారవుతుంది. అందువల్ల రోజు మొత్తంలో అందిన వెలుతురు ఎంత అనేది పూత విషయంలో కీలకమవుతుంది. కిటికీ వెలుతురు లేని గదులలో ట్యూబులైట్ల కింద రోజుకు 12 నుంచి 14 గంటలు ఉంచి పూయించేవారు ఉన్నారు. అయితే రాత్రి 8 గంటలైనా చీకటి ఉండేలా వారు జాగ్రత్త పడతారు. ఒకే వైపు నుంచి వెలుతురు పడితే మొక్క అటే ఒరుగుతుంది. వారానికొకసారి కుండీని కొద్దిగా తిప్పుతూ ఉంటే ఆకుల చక్రం చెదరదు.

వేడిమి, తేమ

ఉసంబరా అడవులలో ఎండ మండిపోదు, చలి వణికించదు. మనిషికి హాయిగా ఉండే 18 నుంచి 27 డిగ్రీల సెల్సియస్ ఉష్ణోగ్రతే ఈ మొక్కకు కూడా అనువైనది. 15 డిగ్రీలకు దిగువన ఎదుగుదల మందగిస్తుంది. వేడిమి హెచ్చితే పూల సంఖ్య తగ్గి, వాటి పరిమాణం కూడా చిన్నదవుతుంది. రేకుల అంచులో తెల్లని గీత ఉండే కొన్ని రకాలలో ఆ గీత వెడల్పు ఉష్ణోగ్రతను బట్టి మారుతుంది. ఒకే మొక్క చలికాలంలో ఒక విధంగా, వేసవిలో మరొక విధంగా పూయడానికి ఇదే కారణం. అది మొక్క జాతి మారిపోవడం కాదు.

తెలుగు నేలపై మైదాన ప్రాంతాలలో వేసవి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటడం సాధారణం. ఆ నెలలలో ఈ మొక్కను పడమటి ఎండ తగలని చల్లని గదిలో ఉంచాలి. గులకరాళ్లు పరచిన పళ్లెంలో కొద్దిగా నీరు పోసి, ఆ రాళ్లపై కుండీని నిలిపితే మొక్క చుట్టూ గాలిలో కొంత తేమ చేరుతుంది. కుండీ అడుగు మాత్రం నీటిని తాకకూడదు. వేసవిలో పూలు రాలేదని ఎరువు మీద ఎరువు వేయడం తగదు. ఆ కాలంలో మొక్క ఆకులను కాపాడుకొంటే చాలు. చల్లబడిన తరువాత మొగ్గలు తొడుగుతుంది.

నీరు, మట్టి, ఎరువు

బండ పగులులో మట్టి పిడికెడే ఉంటుంది. అందులో నీరు నిలవదు. పూర్తిగా ఆరిపోదు కూడా. ఈ రెండు లక్షణాలూ కుండీలో ఉండాలి. ఈ మొక్కలు చనిపోవడానికి నీరు చాలకపోవడంకంటె ఎక్కువ కావడమే తరచుగా కారణమవుతుంది. తడి వీడని మట్టిలో వేళ్లకు గాలి అందక కుళ్లుతాయి. అప్పుడు ఆకులు వాడినట్లు వేలాడతాయి. అది దాహమని భ్రమపడి మరికొంత నీరు పోస్తే మొక్క దక్కదు. పైమట్టిని వేలితో తాకి, తడి తగ్గిందని తెలిసిన పిమ్మటే నీరు పోయాలి.

నీరు గది వేడిమికి దగ్గరగా ఉండాలి. ఆకుకంటె బాగా చల్లని నీరు పడితే ఆకులోపలి కణాలు దెబ్బతిని, లేతపసుపు మచ్చలు ఏర్పడతాయి. అవి మళ్లీ మాయవు. అందుచేత చాలామంది అడుగున పళ్లెంలో నీరు పోసి, మట్టి పీల్చుకొన్న తరువాత మిగిలినదానిని పారబోస్తారు. మరొక పద్ధతిలో కుండీ అడుగు రంధ్రం గుండా ఒక నైలాను దారాన్ని కిందనున్న నీటిపాత్రలోనికి వదులుతారు. ప్రమిదలోని వత్తి నూనెను పైకి లాగినట్లే ఈ దారం నీటిని మట్టికి అందిస్తుంది. అడుగునుంచే నీరు అందుతున్నప్పుడు ఎరువులలోని లవణాలు పైమట్టిలో పేరుకొంటాయి. అప్పుడప్పుడు పైనుంచి గోరువెచ్చని నీరు పోసి వాటిని కడిగివేయాలి.

మట్టి గుల్లగా ఉండడానికి కొబ్బరి పొట్టు, పెర్లైట్ వంటివి కలుపుతారు. కుండీ వెడల్పు మొక్క విస్తీర్ణంలో మూడవ వంతు ఉంటే చాలు. పెద్ద కుండీలో నాటితే మొక్క త్వరగా పూస్తుందనుకోవడం పొరపాటు. వేళ్లు చేరని మట్టిలో తడి నిలిచిపోతుంది. పూత కూడా ఆలస్యమవుతుంది. నత్రజని ఎక్కువైన ఎరువు ఆకులను పెంచి పూతను వెనుకకు నెడుతుంది. నత్రజని, భాస్వరం, పొటాష్ సమతూకంలో ఉన్న ఎరువును పలుచన చేసి వాడడం మంచిది. వాడిన పూలను ఎప్పటికప్పుడు తుంచివేయాలి. పండుతున్న అరటి, ఆపిల్ వంటి పండ్లనుంచి వెలువడే ఇథిలీన్ వాయువు మొగ్గలను రాల్చివేస్తుంది కనుక పండ్ల పళ్లెం పక్కన ఈ కుండీని ఉంచరాదు.

ఆకునుంచి మొక్క

రణపాల ఆకు అంచున పిల్లమొక్కలు పుట్టడం తెలుగువారికి పరిచితమైన విషయమే. ఆఫ్రికన్ వైలెట్ కూడా ఆకు ద్వారా వంశాన్ని నిలుపుకొంటుంది. ఆరోగ్యంగా ఉన్న ఆకును కొద్దిపాటి తొడిమతో కోసి, తడిగా ఉన్న గుల్లమట్టిలో నాటితే సుమారు నెల రోజులలో వేళ్లు వస్తాయి. మరికొన్ని వారాలకు తొడిమ అడుగున చిన్న మొక్కలు తలెత్తుతాయి. అవి సాధారణంగా తల్లిమొక్కను పోలిన పూలనే పూస్తాయి. రేకులపై చక్రపు ఆకుల వంటి చారలు ఉండే కొన్ని రకాలు మాత్రం దీనికి మినహాయింపు. వాటి కణజాలంలో రెండు విధాల కణాలు పొరలుగా ఉంటాయి. ఆకునుంచి పుట్టిన మొక్కలో ఆ పొరల అమరిక నిలవదు. అందువల్ల వాటిని పక్క పిలకల ద్వారా పెంచుతారు.

అడవి మొక్క భవిష్యత్తు

ప్రపంచమంతటా కిటికీలలో పూస్తున్న ఈ మొక్క తన పుట్టినింట ఆపదలో ఉంది. వ్యవసాయానికి, కలపకు చెట్లను నరకడం వల్ల ఆ కొండల అడవులు కుంచించుకుపోయాయి. కొన్ని అడవి రకాలు అతి తక్కువ చోట్ల మాత్రమే మిగిలాయి. మొక్కను ఎవరూ పెకలించనక్కరలేదు. పైనున్న చెట్టు కూలితే చాలు, నీడ పోతుంది; బండ వేడెక్కుతుంది; చెమ్మ ఆరిపోతుంది. గదిలో పూత ఆగిపోవడానికి ఏవి కారణాలో, అడవిలో ఆ మొక్క నశించడానికీ అవే కారణాలు. గదిలోనైతే కుండీని జరపవచ్చు. బండను అంటిపెట్టుకొన్న మొక్క మరొక చోటికి కదలలేదు.

టాంజానియా ప్రభుత్వం 1997లో తూర్పు ఉసంబరా కొండలలో అమాని ప్రకృతి రక్షిత ప్రాంతాన్ని ఏర్పరచింది. అక్కడి అడవిని కాపాడడమంటే వేడిమిని, తేమను, నీడను కలిపి కాపాడడమే. ఇళ్లలో పెరిగే రకాలు ఎన్ని ఉన్నా అవి అడవి మొక్కలకు బదులు కాజాలవు. కొత్త గుణాలకు, రోగనిరోధక శక్తికి కావలసిన వైవిధ్యం అడవిలోనే ఎక్కువగా దాగి ఉంటుంది. మొక్క పూయలేదంటే తప్పు మొక్కది కాదని, దాని చుట్టూ ఉన్న పరిస్థితులదని గ్రహించిన విద్యార్థి, అడవి మొక్కను దాని అడవితోపాటు రక్షించవలసిన ఆవశ్యకతను కూడా గ్రహిస్తాడు.

అభ్యాసం

1. ఆఫ్రికన్ వైలెట్‌కు శాస్త్రీయ నామం ఎలా ఏర్పడింది?
2. వెలుతురులోని హెచ్చుతగ్గులను ఆకులు ఏ విధంగా తెలియజేస్తాయి?
3. పెద్ద కుండీ, అధిక నీరు పూతకు ఎందుకు ఆటంకమవుతాయి?
4. 'గదిలో పూత ఆగిపోవడానికి ఏవి కారణాలో, అడవిలో ఆ మొక్క నశించడానికీ అవే కారణాలు' – ఈ వాక్యాన్ని సమర్థిస్తూ రాయండి.
5. మీ ప్రాంతంలోని ఏదైనా ఒక మొక్క పూత పరిసరాలను బట్టి ఎలా మారుతుందో పరిశీలించి పది వాక్యాలలో వివరించండి.