పంటి ఎక్స్‌రేను చదవడం ఎలా?

ఎవరి ముఖంలోనూ కుడి, ఎడమ సగాలు అచ్చు గుద్దినట్లు ఉండవు. కొద్ది తేడా సహజం. అయితే గడ్డం ఒక పక్కకు వాలినా, రావలసిన పన్ను వేళకు రాకపోయినా కారణం వెతకాలి. చిన్నప్పుడు కిందపడి చెవి ముందరి కీలు దెబ్బతింటే ఆ వైపు దవడ ఎదుగుదల తగ్గి, గడ్డం ఆ వైపుకే వాలవచ్చు. లోపలి సంగతి చెప్పేది ఎక్స్‌రే. పి.జి.లో మేము నేర్చుకున్నది తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు అర్థమయ్యేలా చెబుతాము.

1895లో రాంట్‌జెన్ ఎక్స్-కిరణాలను కనుగొన్నారు. 1896లో జర్మనీలో వాల్కాఫ్ తన పళ్ళకే ఎక్స్‌రే తీసుకున్నారు. అందుకు 25 నిమిషాలు పట్టింది. నేడు రెండు దవడలూ ఒకే చిత్రంలో కనిపించే ఓ.పి.జి.కి సుమారు 15 సెకన్లు చాలు.

మొదట దిక్కు చూడాలి. చిత్రంలో మన ఎడమచేతి వైపున్నది రోగి కుడివైపు.

రెండోది తల నిలిపిన తీరు. తల పక్కకు తిరిగితే ఒకవైపు దవడ వెడల్పుగా, రెండోవైపు ఇరుకుగా పడుతుంది. ఎముకతోపాటు ఆ వైపు పళ్ళూ వెడల్పైతే తేడా చాలావరకు తల తిరగడం వల్ల వచ్చిందే. పళ్ళు సమానంగా ఉండి ఎముకే తేడాగా ఉంటే అనుమానించాలి.

మూడోది కొలత. దవడ వెనుక భాగం ఎత్తు కుడివైపు 52, ఎడమవైపు 46 మి.మీ. అనుకుందాం. తేడా 6ను మొత్తం 98తో భాగించి 100తో హెచ్చిస్తే 6.1 శాతం. 3 శాతం లోపు తేడా తల కొద్దిగా కదిలినా రావచ్చని 1988లో హాబెట్స్ బృందం చెప్పింది. ఇది అంతకు మించింది.

నాలుగోది పళ్ళ లెక్క. పై కోరపన్ను 11-12 ఏళ్ళకు రావాలి. పదేళ్ళకే చిగురుపై దాని ఉబ్బు వేలికి తగలాలి. ఎక్స్‌రేలో అది పక్కపన్ను వేరు మీదికి వాలి ఉంటే దారి తప్పుతోందన్నమాట. గొట్టం జరిపి రెండు చిన్న ఎక్స్‌రేలు తీస్తే, గొట్టం పోయిన వైపే పన్ను జరిగినట్లుంటే అది అంగిలి వైపున్నట్లు, ఎదురు దిక్కుకు జరిగితే పెదవి వైపున్నట్లు.

1988లో స్వీడన్‌లో 10-13 ఏళ్ళ పిల్లల్లో అంగిలివైపు దారితప్పిన 46 కోరపళ్ళకు అడ్డుగా ఉన్న పాలపళ్ళు తీసేస్తే, 36 సరైన దారికి వచ్చాయి. వదిలేస్తే ఆ పన్ను పక్క వేరును కరిగించవచ్చు. తరువాత ఆపరేషను, ఏళ్ళ తరబడి తీగలు తప్పకపోవచ్చు.

మన హాస్టల్లో 5 నుంచి 8 తరగతుల వారిది సరిగ్గా ఇదే వయసు. "పెద్దయితే వస్తుందిలే" అని మన ఇళ్ళలో అంటారు. మొదట చదువుకున్నవాళ్ళం మనమే కనుక ఆ మాట మార్చవలసిందీ మనమే. బాల స్వాస్థ్య బృందం బడికి వస్తే నోరు తెరిచి చూపండి. కమలాపురానికి దగ్గరలోనే కడపలో ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఉంది. సిగ్గుపడి పెదవులు మూసుకోవద్దు, వేళకు చూపించుకోండి.