ఒంటరి పనివారికి ఒంటిమీది రక్షణ సాధనాలు
(సభ్యుల పాఠం)

పశుపోషకుని పనిలో చాలా భాగం ఊరికి దూరంగా, ఒంటరిగా జరుగుతుంది. తెల్లవారుజామున గడ్డి కోతకు పోయేవారు, అడవి అంచున పశువులను మేపేవారు, రాత్రివేళ మోటారు వేయబోయేవారు ఇందుకు ఉదాహరణలు. వారికి పాము కరచినా, కరెంటు తగిలినా, వడదెబ్బ తగిలినా పిలిస్తే పలికేవారు దగ్గర ఉండరు. 2000 నుండి 2019 వరకు మన దేశంలో పాముకాటు వల్ల సుమారు 12 లక్షల మంది మరణించినట్లు అంచనా. వారిలో అత్యధికులు గ్రామీణులే. ఇట్టి ప్రమాదాలలో ఆలస్యమే ప్రాణం తీస్తుంది.

ఈ ఆలస్యాన్ని తగ్గించడానికి ఒంటిమీద ధరించే పరికరాలు వచ్చినవి. వాటిలో ముఖ్యమైనవి మూడు.

1. పడిపోవుటను పసికట్టే పరికరం: దీనిని నడుముకు గాని, మణికట్టుకు గాని ధరిస్తారు. మనిషి హఠాత్తుగా పడి కదలకుండా ఉంటే ముందు శబ్దం చేస్తుంది. అతడు మీట నొక్కి ఆపకపోతే, ముందుగా నిర్ణయించిన వారికి కబురు పంపుతుంది. సాధారణంగా దీనికి సెల్‌ఫోన్ టవరు అందాలి.

2. ఉపగ్రహ సంకేత పరికరం: టవరు లేని చోట కూడా పనిచేస్తుంది. 406 మెగాహెర్ట్జ్ సంకేతాన్ని కాస్పాస్-సార్సాట్ వ్యవస్థ ఉపగ్రహాల ద్వారా అందుకుంటుంది. 1979లో నాలుగు దేశాలు దీనికి పునాది వేయగా, 1982 సెప్టెంబరులో కెనడాలో కూలిన చిన్న విమానంలోని ముగ్గురు దీని ద్వారా మొదటిసారి రక్షింపబడ్డారు. మన దేశంలో బెంగళూరు, లక్నోలలో దీని భూకేంద్రాలు ఉన్నవి. అయితే పరికరానికి ఆకాశం కనబడాలి. ధరించేవారి వివరాలు ముందే నమోదై ఉండాలి.

3. నాడి చూపే చేతి గడియారం: ఎండలో నాడి అతివేగమైతే హెచ్చరిస్తుంది. కాని వడదెబ్బలో ప్రమాదకరమైనది శరీరం లోపలి వేడి. దానిని ఈ గడియారం నేరుగా కొలవలేదు. కావున నీరు, నీడ, విశ్రాంతి తప్పవు.

ఇవి కొనలేనివారికి చేతిలోని ఫోనే సాధనం. 2016 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం ఫోన్లలో ఆపద మీట ఉండాలి. మామూలు ఫోనులో 5 లేదా 9 అంకెను నొక్కిపట్టితే 112కు పిలుపు పోతుంది. స్మార్ట్‌ఫోనులో పవరు మీటను వెంటవెంటనే మూడుసార్లు నొక్కాలి. కొన్ని ఫోన్లలో పద్ధతి వేరుగా ఉంటుంది గనుక ముందే తెలుసుకొనాలి. ఫోనును చెట్టుకు వేలాడే సంచిలో గాక, ఒంటిమీదనే ఉంచుకొనాలి.

ఇక అసలు విషయం. పరికరం పిలుస్తుందేగాని పరుగెత్తి రాదు. పిలుపు విని వచ్చే మనిషి కావాలి. ఈ పనికి మన సంఘం వద్ద పాల సేకరణ రిజిస్టరు ఉన్నది. రోజుకు రెండు పూటలా ఎవరు వచ్చారో, ఎవరు రాలేదో అది చూపుతుంది. కావున ఈ ఏర్పాటు చేసుకొనవచ్చును:

• ఒంటరిగా పోయేవారు ఎక్కడికి, ఎప్పటివరకు అన్నది ఇంట్లో చెప్పాలి.
• ప్రతిపూటా పాలు పోసే ఇల్లు రాకపోతే, కార్యదర్శి రిజిస్టరు మూయకముందే ఫోను చేయాలి.
• జవాబు లేకపోతే ఇద్దరు వెళ్ళి చూడాలి. అవసరమైతే 108ని పిలవాలి.

దీనికి ఖర్చు లేదు. పాలకవర్గం తీర్మానించి మినిట్సు పుస్తకంలో వ్రాసుకుంటే చాలును.

చర్చించవలసిన ప్రశ్నలు:
(1) మన ఊరి పొలాల్లో టవరు అందని చోట్లు ఏవి?
(2) మన సంఘంలో ఒంటరిగా పోయే సభ్యులు ఎందరు?
(3) పిలుపు వస్తే వెళ్ళే ఆ ఇద్దరు ఎవరు?